మాత్రల స్ట్రిప్ కూడా తీసుకురండి

"మాత్రలు ఎక్కువ మింగేసింది డాక్టర్" అంటూ క్యాజువాలిటీలోకి ఎత్తుకొచ్చినవాళ్లు ముందు చెప్పేది ఎన్ని మింగిందో. డిప్రెషన్ మందుల విషయంలో ఆ లెక్క కంటే ముందు తెలియాల్సినవి రెండున్నాయి: ఏ మందు, ఎప్పుడు మింగింది. డిప్రెషన్ మందు అని అందరూ ఒకే పేరుతో పిలిచేవన్నీ ఒంట్లో ఒకే పని చెయ్యవు. ఒకటి గుండె కరెంటుని పట్టుకుంటుంది, ఒకటి కండరాలని వణికిస్తుంది, ఇంకొకటి పొద్దుటి నుంచీ బాగానే ఉన్న మనిషికి రాత్రికి ఫిట్స్ తెప్పిస్తుంది. అందుకే వైద్యం కూడా ఒకటే కాదు. విరుగుడు ఇంజెక్షన్ ఒకటి పొడిచి ఇంటికి పంపేస్తారనుకున్న బంధువులకి, పేషెంట్‌ని మానిటర్‌కి తగిలించి గంటలు గంటలు ఉంచేస్తే ఇక్కడెవరూ ఏమీ చెయ్యట్లేదనిపిస్తుంది, కోపమొస్తుంది, వేరే ఆసుపత్రికి తీసుకుపోతామంటారు. నిజానికి అలా చూస్తూ ఉండటమే ఈ వైద్యంలో పెద్ద భాగం.

ఇంట్లోవాళ్లు చెయ్యగలిగింది తక్కువే, కానీ అది చాలా విలువైనది. 108కి ఫోన్ చెయ్యడం, మనిషి మగతగా ఉంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టడం, ఖాళీ స్ట్రిప్పులు, సీసాలు, పాత చీటీలు, చెత్తబుట్టలో పడేసినవి కూడా ఏరి కవర్లో వేసి తీసుకెళ్లడం. అంతే. ఉప్పు నీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం, చింతపండు పులుసు, మజ్జిగ, కోడిగుడ్డు సొన పొయ్యడం మన ఊళ్లల్లో పురుగుల మందు రోజుల నుంచీ వస్తున్న అలవాటు. అప్పుడూ అవి మంచివి కావు, ఇప్పుడు ఇంకా కావు. మగతలో ఉన్న మనిషి కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మధ్యలో ఫిట్స్ వస్తే మరీనూ. గట్టి ఉప్పు నీళ్లు ఎక్కువగా తాగిస్తే రక్తంలో సోడియం పెరిగి, మాత్రలు చెయ్యని హాని ఉప్పు చేస్తుంది.

ఆసుపత్రికి వచ్చాక కూడా చాలామంది అడిగే మొదటి మాట "కడుపు కడిగారా?" అనే. ముక్కులోంచి గొట్టం వేసి బకెట్ల కొద్దీ నీళ్లు పోసి తీస్తేనే వైద్యం జరిగినట్టు లెక్క. విషవైద్య నిపుణుల సంఘాలు 1997 నుంచీ చెప్తున్నది వేరు: కడుపు కడగడం అందరికీ చేసే పని కాదు, దానివల్ల బతికినవాళ్లు పెరిగారని రుజువు లేదు, గొట్టం వల్ల జరిగే నష్టం మాత్రం ఉంది. దాని బదులు, త్వరగా వస్తే యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇస్తారు. బాగా నూరిన బొగ్గు పొడిని నీళ్లలో కలిపిన నల్లటి ద్రవం, పెద్దవాళ్లకి సుమారు 50 గ్రాములు. మాత్ర రక్తంలోకి పోకముందే పేగులో దాన్ని పట్టేసుకుంటుంది. మామూలుగా మొదటి గంటలో ఇస్తేనే ఉపయోగం, పేగుల కదలిక నెమ్మదించే మందులైతే రెండు గంటల దాకా కొంచెం పనికొస్తుంది. తెలివిలో ఉండి తనంతట తాను మింగగలిగితేనే ఇస్తారు. లేదంటే ముందు శ్వాసనాళంలో గొట్టం వెయ్యాలి. బొగ్గు ఊపిరితిత్తుల్లోకి పోతే అదో కొత్త జబ్బు.

ఇప్పుడు మందుల సంగతి. ఈ మందుల్లో డాక్టర్లని ఎక్కువ టెన్షన్ పెట్టేది పాత కుటుంబం, ట్రైసైక్లిక్‌లు. స్విట్జర్లాండ్‌లో మున్‌స్టర్లింగెన్ అనే ఊళ్లోని మానసిక ఆసుపత్రిలో రోలాండ్ కూన్ అనే డాక్టర్ స్కిజోఫ్రీనియాకి పనికొస్తుందేమోనని పరీక్షించిన ఇమిప్రమిన్, దానికి పనికిరాక డిప్రెషన్‌కి పనికొచ్చింది. ఆ సంగతి ఆయన 1957లో ప్రచురించాడు. ఆ తర్వాత అమిట్రిప్టిలిన్, డోసులెపిన్ లాంటివి వచ్చాయి. ఇవి ఇంట్లో ఉండాలంటే ఎవరికో ఒకరికి డిప్రెషన్ ఉండాలనేం లేదు. షుగర్ వల్ల అరికాళ్లు మండే తాతకి, మైగ్రేన్ ఉన్న అక్కకి, నిద్ర పట్టని అమ్మమ్మకి రాసేది అమిట్రిప్టిలినే. పక్క తడిపే పిల్లలకి ఇమిప్రమిన్ రాయడం కూడా ఉంది. అందుకే క్యాజువాలిటీలో "ఇంట్లో మానసిక వ్యాధి మందులేమైనా ఉన్నాయా" అనడిగితే "లేవండి" అంటారు, అబద్ధం కూడా కాదు, వాళ్ల దృష్టిలో అవి కాళ్ల మంటల మందులు. "ఇంట్లో ఎవరెవరు ఏమేం వాడుతున్నారు" అని అడగాలి. చిన్నపిల్లలు ఒక్క మాత్ర నోట్లో పెట్టుకున్నా సరే, బాగానే ఆడుకుంటున్నారు కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

ట్రైసైక్లిక్ కేసు ఎలా కనిపిస్తుందో చెప్పడానికి మన వార్డుల్లో ఒక సులువు ఉంది. పురుగుల మందు కేసులు చూసి చూసి ఉన్న నర్సులకి ఆ బొమ్మ కంఠతా వచ్చు: కంటిపాప సూదిమొనంత, నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. దాన్ని తిరగేస్తే ట్రైసైక్లిక్ బొమ్మ వస్తుంది. కంటిపాప పెద్దది, నోరు ఎండిపోయి, చర్మం పొడిగా, వేడిగా, మూత్రం బిగబట్టి, పేగుల చప్పుడు లేక, గుండె దడదడ కొట్టుకుంటూ. అక్కడ ఎట్రోపిన్ ఇస్తే తగ్గుతుంది, ఇక్కడ ఒంట్లో ఉన్నదే ఎట్రోపిన్ లాంటి గుణం. "మాత్రలు" అన్న మాట వినగానే అలవాటు కొద్దీ చెయ్యి ఎట్రోపిన్ మీదికి పోకూడదు.

కానీ అసలు ప్రమాదం నోరు ఎండటం కాదు. గుండె కండరంలోకి సోడియం వేగంగా దూరే సన్నటి ద్వారాలుంటాయి, ప్రతి కొట్టుకోవడమూ వాటితోనే మొదలవుతుంది. ట్రైసైక్లిక్‌లు ఆ ద్వారాలని మూసేస్తాయి. కరెంటు ఒక మూల నుంచి ఇంకో మూలకి పోవడం నెమ్మదిస్తుంది, ఈసీజీలో క్యూఆర్ఎస్ అనే నిలువు గీత వెడల్పవుతుంది. దీని విలువేమిటో 1985లో అమెరికాలో బోనర్ట్, లవ్‌జాయ్ అనే ఇద్దరు 49 మంది పేషెంట్లని చూసి రాశారు. రక్తంలో మందు ఎంత ఉందన్నది జరగబోయేదాన్ని సరిగ్గా చెప్పలేదు, క్యూఆర్ఎస్ వెడల్పు చెప్పింది. 100 మిల్లీసెకన్ల లోపు ఉన్నవాళ్లెవరికీ ఫిట్స్ రాలేదు, అది దాటినవాళ్లలో మూడోవంతు మందికి వచ్చాయి. 160 దాటినవాళ్లలో సగం మందికి గుండె లయ ప్రమాదకరంగా తప్పింది. ఈసీజీ కాగితం మీద చిన్న గడి ఒక్కటి 40 మిల్లీసెకన్లు, కాబట్టి రెండున్నర గళ్లు దాటితే జాగ్రత్త, నాలుగు గళ్లు దాటితే గండం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. మండల ఆసుపత్రిలో ఉన్న పాత ఈసీజీ మెషిన్ చాలు, చదివే కళ్లుండాలి. అర్థరాత్రి రెండింటికి హౌస్‌సర్జన్‌కి ఇంతకంటే పనికొచ్చే పరీక్ష లేదని గట్టిగానే చెప్పొచ్చు. రక్తంలో ట్రైసైక్లిక్ ఎంతుందో కొలిచే పరీక్ష పెద్ద ఊళ్లల్లోనే దొరకదు, దొరికినా దాని ఫలితం వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

మందేమిటంటే సోడా బైకార్బ్. వంటింట్లో బజ్జీల పిండిలో వేసే సోడా ఏ పదార్థమో అదే, శుద్ధి చేసి నరంలోకి ఎక్కించేది (అలాగని ఇంట్లో తాగించేది కాదు, తాగితే గుండెకి అందదు). ఇది రెండు వైపుల నుంచి పని చేస్తుంది. ఒక్కసారిగా వచ్చిన సోడియం మూసుకున్న ద్వారాల దగ్గర తోసుకుని లోపలికి పోతుంది. రక్తం కాస్త క్షారమైతే మందు ఆ ద్వారాలని పట్టుకున్న పట్టు వదులుతుంది. క్యూఆర్ఎస్ వెడల్పయినా, బీపీ పడిపోయినా, లయ తప్పినా కిలో బరువుకి 1 నుంచి 2 మిల్లీఈక్వివలెంట్ల చొప్పున గబగబా ఇస్తారు. మన దగ్గర దొరికే 7.5 శాతం, 25 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో దాదాపు 22 ఉంటాయి, అంటే 60 కిలోల మనిషికి ఒక్క విడతకే మూడు నుంచి ఐదు ఆంప్యూళ్లు. ట్రాలీలో ఒకటో రెండో ఆంప్యూళ్లు పెట్టుకుని "ఉంది" అనుకునే క్యాజువాలిటీకి ఇది గుర్తుండాలి. ఇస్తూ ఉంటే మానిటర్ మీద గీత సన్నబడటం కంటికి కనిపిస్తుంది, ఎమర్జెన్సీ వైద్యంలో అలా కళ్ల ముందే కనిపించే ఫలితాలు తక్కువ. రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షారాల కొలత) 7.45 నుంచి 7.55 మధ్య నిలబెడతారు, అంతకు మించనివ్వరు. పొటాషియం పడిపోతుంది కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ చూస్తూ సరిచేస్తారు.

ఇక్కడ ఏం చెయ్యకూడదో తెలియడం, ఏం చెయ్యాలో తెలియడం అంత ముఖ్యం. ఫిట్స్ రాగానే ఫినిటాయిన్ ఎక్కించడం మన ఆసుపత్రుల్లో చేతికి అలవాటైన పని. కానీ ఫినిటాయిన్ కూడా సోడియం ద్వారాలని మూసేదే, మూసుకున్న తలుపుకి ఇంకో గడియ పెట్టినట్టు. లోరాజెపామ్, మిడాజొలామ్ లాంటివి ఇవ్వాలి, అవి చాలకపోతే ఫినోబార్బిటాల్‌కో ప్రొపొఫాల్‌కో పోవాలి. ఫిట్స్‌ని త్వరగా ఆపడం గుండె కోసం కూడా: ఫిట్స్‌తో రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, ఆమ్లం పెరిగితే మందు గుండెని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టేటప్పుడూ ఇదే చిక్కు. ఆ ఒకటి రెండు నిమిషాలు ఊపిరి ఆగినా కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ పడిపోతుంది, కాబట్టి ముందే బైకార్బ్ ఇచ్చి, తర్వాత శ్వాస కాస్త వేగంగా నడిపిస్తారు. లయ తప్పిందని ప్రొకైనమైడ్, ఫ్లెకైనైడ్ లాంటి లయ సరిచేసే మందులు ఇవ్వరు, కారణం మళ్లీ అదే.

ఇంకో ఉచ్చు మన మందుల షాపుల్లోనే ఉంది. అమిట్రిప్టిలిన్, క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిపిన మాత్ర ఇండియాలో చాలా మామూలు, ఆందోళనకీ నిద్రకీ విపరీతంగా రాస్తారు. స్ట్రిప్ మీద క్లోర్‌డయాజెపాక్సైడ్ పేరు చూసి, నిద్రమాత్ర కేసే కదా అని దాని విరుగుడు ఫ్లుమాజెనిల్ ఇస్తే? నిద్రమాత్ర భాగమే అప్పటిదాకా ఫిట్స్‌ని ఆపుతూ ఉంటుంది. దాన్ని తీసేస్తే అమిట్రిప్టిలిన్‌కి అడ్డు లేకుండా పోతుంది. మనిషి కళ్లు తెరిచి, వెంటనే ఫిట్స్‌లోకి పోవచ్చు. అందుకే స్ట్రిప్ మీద రెండో పేరు కూడా చదవాలి.

బీపీ నిలబడకపోతే సెలైన్, తర్వాత బీపీ పెంచే నార్‌ఎడ్రినలిన్. బైకార్బ్ ఇక ఇవ్వలేని స్థితిలో గాఢ ఉప్పు ద్రావణం, మరీ చివరికి నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం, లిపిడ్ ఎమల్షన్. డయాలసిస్ చెయ్యమని బంధువులు పట్టుబడతారు గానీ ఇది రక్తంలో నిలవకుండా కణజాలంలోకి ఇంకిపోయే మందు, వడపోస్తే వచ్చేది శూన్యం. గుండె ఆగితే సీపీఆర్ మామూలు కంటే ఎక్కువసేపు, గంట దాటినా చేస్తారు, ఎందుకంటే గుండె పాడవలేదు, బంధింపబడింది అంతే. మందు దిగితే మళ్లీ మొదలవుతుంది, అలా లేచి నడిచినవాళ్లున్నారు.

వచ్చినప్పుడు బాగానే ఉన్నవాళ్ల సంగతి? ఆరు గంటలు మానిటర్ మీద ఉంచుతారు. ఈసీజీ మారకుండా, మగత లేకుండా, పేగుల చప్పుడు వినిపిస్తూ ఆరు గంటలు గడిస్తే గుండె గండం తప్పినట్టు చూస్తారు. మొదటి గంటలో మాట్లాడుతోంది కదా అని సంతకం పెట్టి తీసుకుపోవడం ఎందుకు తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొత్త కుటుంబం, ఎస్ఎస్ఆర్ఐలు (మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని పెంచే మందులు), 1987లో అమెరికాలో ఫ్లూయోక్సెటిన్ అనుమతితో బాగా పాకింది. సెర్ట్రలిన్, ఎస్‌సిటలోప్రామ్ ఇప్పుడు మన దగ్గరా ఎక్కువ రాసేవి. వీటి కేసుల్లో ఎక్కువమంది వికారం, మగత, కాస్త వణుకుతో బయటపడతారు. అయినా సిటలోప్రామ్, ఎస్‌సిటలోప్రామ్‌లకి ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని సాగదీసే గుణముంది, అందుకే ఆ కేసుల్లో ఆరు గంటలతో సరిపెట్టకుండా ఇంకా పొడిగిస్తారు, మెగ్నీషియం సిద్ధంగా పెట్టుకుంటారు.

వీటితో వచ్చే అసలు చిక్కు సెరొటోనిన్ సిండ్రోమ్, అంటే ఒంట్లో సెరొటోనిన్ మితిమీరడం. ఒక్క మందు ఎక్కువైనప్పటి కంటే రెండు కలిసినప్పుడు ఎక్కువ ఇబ్బంది: నొప్పికని ట్రమడాల్, దగ్గుకని డెక్స్‌ట్రోమెథార్ఫాన్, ఇన్ఫెక్షన్‌కని లినెజోలిడ్. ఇది ల్యాబ్‌లో తేలేది కాదు, చేత్తో తేలేది. పేషెంట్ పాదాన్ని పట్టుకుని ఒక్క ఊపున పైకి నొక్కితే చీలమండ దానంతటదే టకటకా కొట్టుకుంటూ పోతుంది, క్లోనస్ అంటారు. ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ డాక్టర్లు 2003లో పెట్టిన హంటర్ ప్రమాణాలకి ఈ క్లోనసే కేంద్రం. చెమట, వణుకు, విరేచనాలు, చేతుల కంటే కాళ్లల్లో ఎక్కువ బిగువు. ట్రైసైక్లిక్ మనిషి పొడిగా ఉంటాడు, ఈ మనిషి తడిసిపోతాడు. జ్వరం వస్తే పారాసెటమాల్ వేస్తే తగ్గదు, ఎందుకంటే ఆ వేడి మెదడు పెంచినది కాదు, కండరాలు ఆగకుండా వణికి పుట్టించినది. కండరాలని నెమ్మదింపజేసే డయాజెపామ్ లాంటివి, ఒళ్లు చల్లబరచడం, మరీ 41 డిగ్రీలు దాటుతుంటే కండరాలని పూర్తిగా సడలించి వెంటిలేటర్ మీద పెట్టడం. విరుగుడుగా సిప్రోహెప్టడిన్ ఇస్తారు, మొదట 12 మిల్లీగ్రాములు. ఆ పేరు కొత్తగా అనిపించొచ్చు గానీ మనవాళ్లు దాన్ని ఎప్పటి నుంచో పిల్లలకి ఆకలి సిరప్‌గా పోస్తున్నారు. వీధి చివర మెడికల్ షాపులో దొరికే మందు ఐసీయూలో విరుగుడవడం తమాషాయే.

మందులు కలవడం ఎంత దూరం పోతుందో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ కేసు చెప్తుంది. 1984 మార్చిలో 18 ఏళ్ల ఆ అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరింది, అప్పటికే ఫినెల్జిన్ అనే పాత రకం డిప్రెషన్ మందు వాడుతోంది, అక్కడ పెథిడిన్ అనే నొప్పి మందు ఇచ్చారు, కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. ఆ కేసుపై నడిచిన గొడవ వల్లే న్యూయార్క్ రాష్ట్రం జూనియర్ డాక్టర్ల పనిని వారానికి 80 గంటలకి కట్టేసింది. మన పీజీలకి ఆ సంగతి చెప్తే నవ్వుతారేమో.

మిగతావాటిలో బుప్రొపియాన్, వెన్‌లాఫాక్సిన్ ఆలస్యపు మందులు. నెమ్మదిగా కరిగే మాత్రలు కాబట్టి ఫిట్స్ చాలా గంటల తర్వాత రావొచ్చు. బుప్రొపియాన్‌కి ఆరు గంటల లెక్క పనికిరాదు, 24 గంటలు ఉంచుతారు. సిగరెట్ మానడానికీ అదే రాస్తారు, అది కూడా అడగాలి. బైపోలార్ జబ్బుకి వాడే లిథియం డిప్రెషన్ మందు కాకపోయినా వాటి పక్కనే ఉంటుంది. దాన్ని బొగ్గు పట్టుకోదు, డయాలసిస్ మాత్రం బాగా లాగుతుంది, ట్రైసైక్లిక్‌కి పూర్తిగా వ్యతిరేకం. ఇక దేంతో వచ్చినా సరే, పారాసెటమాల్ కూడా మింగారా అన్నది చూడాల్సిందే. అది మొదటి రోజు ఏ బాధా చూపించకుండా లివర్‌ని తింటుంది, సమయానికి దాని విరుగుడు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఇస్తే ఆగుతుంది. సందేహముంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, డాక్టర్లు కూడా చేస్తారు.

ఇదంతా జరగాలంటే ఏం మింగారో నిజం చెప్పాలి, అక్కడే చాలా కేసులు చెడుతున్నాయి. పోలీసు కేసవుతుందన్న భయంతో "ఫుడ్ పాయిజన్ అండీ" అని తీసుకొస్తారు, వాంతులకి ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెడితే రెండు గంటలు పోతాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కేసు పెట్టి శిక్షించకూడదు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. మెడికో లీగల్ కేసని ఆసుపత్రి పోలీసులకి కబురు చెయ్యడం వేరు, అది రాతపని. ఆ రాతపని అయ్యేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పేసింది. "పోలీస్ కేసండీ, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని గేటు దగ్గరే తిప్పి పంపేవాళ్లకి ఆ తీర్పు తెలియదా అంటే, తెలుసు.

ఈసీజీ మామూలైన మర్నాడు సైకియాట్రిస్ట్ వచ్చి మాట్లాడాలి, వార్డులో పది మంది ముందు కాదు, పక్క గదిలో. "ఎందుకు చేశావే" అని మేనత్తలు వరసగా వచ్చి అడగకుండా చూడటం కూడా నర్సు పనుల్లో ఒకటి. డిప్రెషన్ మందు పూర్తిగా మానిపించేస్తామని ఇంట్లోవాళ్లు అంటారు, అర్థం చేసుకోదగ్గదే, కానీ జబ్బు అలాగే ఉంది. డాక్టర్లు చేసేది మందు మార్చడం, నెలకి కాకుండా వారానికి సరిపడా రాయడం, ఇంట్లో ఒకరి చేతికి ఇవ్వడం. మధ్యలో మనసు బరువెక్కితే మాట్లాడటానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు. ఇంటికెళ్లాక ఫ్రిజ్ మీద డబ్బాలో, తాతగారి కాళ్ల మంటలు తగ్గాక మిగిలిపోయిన రెండు మూడు స్ట్రిప్పులు ఎలాగూ ఉంటాయి. వాటిని తీసుకెళ్లి మందుల షాపులో ఇచ్చెయ్యమని డిశ్చార్జి కాగితం మీద రాసే డాక్టర్లు కొందరున్నారు.